కాకి వాలింది, పండు రాలింది, బాబాయితో మాట పోయింది

పేరు, ఊరు బయటపెట్టవద్దన్న ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ముప్పై రెండేళ్లు, ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్. తొమ్మిదో తరగతిలో ఉండగా తండ్రి పోయారు. అప్పటి నుంచి ఆయన్నీ చెల్లెల్నీ చదివించింది బాబాయే. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. పేపరు చదవడం, చదివినదాని మీద వాదించడం నేర్పింది కూడా ఆయనే. ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ దేశ రాజకీయాల మీద గంటలకొద్దీ మాట్లాడుకునేవారట. బాబాయి ఇప్పటి కేంద్ర ప్రభుత్వాన్ని గట్టిగా సమర్థిస్తారు, ఈయన అంతే గట్టిగా విమర్శిస్తారు. ఏళ్ల తరబడి అది ఇద్దరికీ ఇష్టమైన వ్యాపకం.

మూడు నెలల క్రితం ఈయన కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక చార్టు పెట్టారు. ఒక పక్క ఎన్నికల బాండ్లు (ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చేందుకు స్టేట్ బ్యాంకు అమ్మిన పత్రాలు) కొన్న కంపెనీలు, ఇంకో పక్క వాటికి దక్కిన కాంట్రాక్టులు. కింద తన మాటగా, "ఈ దేశాన్ని నడిపేది కంపెనీలే. రష్యా చమురు కొనడం కూడా ఒక్క కంపెనీ కోసమే" అని రాశారు. బాబాయి అడిగింది ఒకటే ప్రశ్న: "మూడో వరుసలో బాండు తేదీ ఎంత, కాంట్రాక్టు తేదీ ఎంత?" వెతికి చూస్తే కాంట్రాక్టే ముందు, బాండు ఏడు నెలల తర్వాత. ఇంకో వరుసలో ఉన్నది అసలు ఆ కంపెనీయే కాదు, పేరు దగ్గరగా ఉన్న మరొకటి. తప్పని తెలిసీ ఈయన ఒప్పుకోలేదు. పైగా "పెన్షన్ తినేవాళ్లు భజన చేయక ఇంకేం చేస్తారు" అని రాశారు. ఇరవై మంది బంధువులున్న గ్రూపు. ఆ రాత్రే బాబాయి అందులోంచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మాటల్లేవు. పిన్ని ఫోన్ చేసి ఏడుస్తోంది. వచ్చే మాఘంలో చెల్లెలి పెళ్లి, పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాల్సింది బాబాయి, పిన్నే.

ఉత్తరం చివర ఆయన అడిగినవి మూడు. నా వాదనే తప్పా? క్షమాపణ చెబితే ఓడిపోయినట్టా? ఇకమీదట రాజకీయాలు మాట్లాడటం మానేయాలా?

మీ ఉత్తరంలో రెండు ముడులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఒకటి చార్టు, రెండోది పెన్షన్ మాట. బాబాయి గ్రూపు వదిలింది చార్టు చూసి కాదని మీ ఉత్తరమే చెబుతోంది. ఆయన తేదీలు అడిగారు, అంటే అప్పటికి ఆయన వాదనలోనే ఉన్నారు. మీ వాదనను అంత శ్రద్ధగా చదివిన మనిషి ఆ ఇరవై మందిలో ఆయన ఒక్కరే అయ్యుంటారు. ముప్పై ఏళ్లు లెక్కలు సరిచూసి బతికిన మనిషిని, ఆ జీతంతోనే మిమ్మల్ని చదివించిన మనిషిని, తిండి కోసం భజన చేస్తున్నారనడం వాదన కిందికి రాదు. కాబట్టి క్షమాపణ చెబితే మీ వాదన ఓడిపోతుందన్న భయం వదిలేయండి. ఆ రెంటికీ సంబంధం లేదు.

ఇక చార్టు సంగతి. ప్రభుత్వ నిర్ణయాల మీద డబ్బున్న సంస్థల ప్రభావం ఉందన్న మీ అనుమానం గాలి మాటేమీ కాదు. ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న కొట్టేస్తూ సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇలాంటి ప్రమాదాన్నే ప్రస్తావించింది. డబ్బు ఇచ్చినవాళ్లకు చట్టాలు చేసేవాళ్ల దగ్గరికి దారి దొరుకుతుందనీ, ఇచ్చినదానికి ప్రతిఫలం అందే అవకాశం ఉందనీ, ఎవరు ఎవరికి ఇచ్చారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందనీ చెప్పింది. అదే కోర్టు ఆ ఏడాది ఆగస్టు 2న, బాండ్ల వెనుక క్విడ్ ప్రో కో (ఇచ్చినదానికి బదులు మేలు చేయడం) జరిగిందా అన్నదాని మీద ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయాలన్న పిటిషన్లను తోసిపుచ్చింది. మీరు మొదటి తేదీ చెబుతారు, బాబాయి రెండో తేదీ చెబుతారు. రెండూ నిజమే. ప్రమాదం ఉందని తేల్చడం వేరు, ఫలానా చోట అది జరిగిందని తేల్చడం వేరు.

కాకతాళీయం అన్న మాట మనకు ఉండనే ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. మీ చార్టులోని ప్రతి వరుసలోనూ మూడు మాటలు ఒకే మాటగా కుట్టేసి ఉన్నాయి. కంపెనీ డబ్బిచ్చింది అన్నది కాకి. నిర్ణయం వచ్చింది అన్నది పండు. డబ్బిచ్చినందుకే నిర్ణయం వచ్చింది అన్నది మూడోది. మొదటి రెంటికీ కాగితాలు దొరుకుతాయి. మూడోదానికి వేరే రకం సాక్ష్యం కావాలి, అది అరుదుగా దొరుకుతుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి మూడోది రుజువైందనడం దగ్గరే మీ చార్టు విరిగింది.

ముందు కాకిని సరిగ్గా చూడటం ఎలాగో చెబుతాను, ఎందుకంటే చాలా చార్టులు ఇక్కడే చెడతాయి. స్టేట్ బ్యాంకు ఇచ్చిన బాండ్ల వివరాలను ఎన్నికల సంఘం రెండు విడతలుగా బయటపెట్టింది. 2024 మార్చి 14న వచ్చిన జాబితాల్లో కొన్నవాళ్లు ఒక పట్టికలో, సొమ్ము చేసుకున్న పార్టీలు ఇంకో పట్టికలో ఉన్నాయి. ఆ రెంటినీ కలిపే బాండు నంబరు వాటిలో లేదు. నంబర్లతో కూడిన జాబితాలు వచ్చింది మార్చి 21న. మీ చార్టు ఆ మధ్య వారంలో తయారైనదైతే, ఏ కంపెనీ ఏ పార్టీకి ఇచ్చిందన్న గడి దాదాపు మొత్తం ఊహే. ఇంకో సంగతి, స్టేట్ బ్యాంకు ఇచ్చిన ఆ జాబితా 2019 ఏప్రిల్ 12 నుంచే మొదలవుతుంది. బాండ్ల అమ్మకం 2018 మార్చిలోనే మొదలైంది. కాబట్టి "ఈ కంపెనీ ఒక్క బాండూ కొనలేదు" అని ఆ జాబితా చూసి చెప్పడం కూడా తప్పే.

పేర్ల గందరగోళం మీ ఒక్కరికే జరగలేదు. ఆ మార్చిలోనే జాబితాలోని ఒక పేరు చూసి పాకిస్థాన్ కంపెనీ మన పార్టీలకు డబ్బిచ్చిందని ప్రచారం సాగింది. ఆ కంపెనీ తమకేమీ సంబంధం లేదని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. పేరు నమ్మకండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ప్రతి కంపెనీకీ 21 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది సరిపోలితేనే వరుస ఉంచండి. పత్రాలు తెరిచి చూడటానికి కంపెనీకి రూ.100 ఫీజు. డైరెక్టర్లు, వార్షిక లెక్కలు అందులో కనిపిస్తాయి.

పండు దగ్గర చూడాల్సింది తేదీలు, అదీ ఒక్క తేదీ కాదు. టెండరు పిలిచిన రోజు, బిడ్లు తెరిచిన రోజు, పని అప్పగించిన రోజు, తర్వాత ఏమైనా గడువు పెంచినా మొత్తం పెంచినా ఆ రోజు. షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీ అయితే పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు ఎక్స్ఛేంజీలకు తెలియజేస్తుంది, అక్కడ తేదీ దొరుకుతుంది. కాంట్రాక్టు వచ్చాక బాండు కొన్నారంటే మీ అనుమానం కొట్టుకుపోయినట్టు కాదు, పని దక్కాక ఇచ్చే డబ్బు కూడా లోకంలో ఉంటుంది. అయితే అప్పుడు మీరు చెప్పే కథ మారుతుంది. దాన్ని మార్చి చెప్పాలి. మీరు మార్చకుండా పట్టుకుని కూర్చున్నారు.

మూడో మాటకు దగ్గరగా వెళ్లాలంటే వెతకాల్సినవి వేరు. టెండరు నిబంధన మధ్యలో ఒకరికి సరిపోయేలా మారిందా? పోటీదారులను ఏ కారణంతో పక్కన పెట్టారు? ఆర్థిక శాఖో మరో శాఖో ఫైలు మీద అభ్యంతరం రాసిందా, రాస్తే దాన్ని ఎవరు, ఏం రాసి దాటారు? ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలో ఆ పని మీద పేరా ఉందా? ఇవి దొరికితే "అనుమానానికి ఆధారం ఉంది" అనవచ్చు. దొరక్కపోతే "డబ్బిచ్చారు, పని వచ్చింది, మధ్యలో ఏం జరిగిందో బయటపెట్టాలి" అనాలి. ఈ వాక్యం కొంచెం చప్పగా ఉంటుందని తెలుసు. కానీ బాబాయి లాంటి మనిషి కూడా దీన్ని కాదనలేరు.

సమాచార హక్కు దరఖాస్తు వేసే ఉద్దేశం ఉంటే, "ఈ కంపెనీకే ఎందుకిచ్చారు" అని అడగకండి. ఎందుకు అన్న ప్రశ్నకు అభిప్రాయాలు చెప్పాల్సిన బాధ్యత లేదని తిప్పి పంపుతారు. కాగితాన్ని పేరు పెట్టి అడగాలి: ఫలానా నంబరు టెండరు సాంకేతిక మూల్యాంకన నివేదిక ప్రతి, ఫలానా తేదీల మధ్య ఫైలు నోటింగుల (అధికారులు ఫైలులో రాసిన వ్యాఖ్యల) ప్రతులు. కేంద్ర శాఖలకు ఫీజు రూ.10, ఆన్‌లైన్‌లోనే కట్టవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. తృప్తి లేకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. వాణిజ్య రహస్యమంటూ సెక్షన్ 8(1)(డి) కింద, విదేశీ సంబంధాలంటూ 8(1)(ఎ) కింద నిరాకరించవచ్చు. నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని 8(2) చెబుతుంది. అప్పీలులో పట్టుకోవాల్సింది దాన్నే.

మీరు చార్టులో వదిలేసిన గడి కూడా ఒకటుంది. ఆ జాబితా కాలంలో బీజేపీకి దాదాపు రూ.6,060 కోట్లు వచ్చాయి, మిగతా ఏ ఒక్క పార్టీ కంటే చూసినా చాలా ఎక్కువ. అదే కాలంలో తృణమూల్‌కు సుమారు రూ.1,609 కోట్లు, కాంగ్రెస్‌కు రూ.1,421 కోట్లు, బీఆర్ఎస్‌కు రూ.1,214 కోట్లు వచ్చాయి. వైఎస్సార్‌సీపీకీ తెలుగుదేశానికీ కూడా వందల కోట్లు అందాయి. ఒక రాష్ట్రంలో పాలించే పార్టీకి అంత మొత్తం ఎందుకు వచ్చిందన్న ప్రశ్న, కేంద్రంలో పాలించే పార్టీ గురించి మీరడిగే ప్రశ్నే. ఈ గడి చేర్చితే "అందరూ దొంగలే" అని బాబాయి తేల్చేస్తారని మీరు భయపడి ఉండవచ్చు. తేల్చనివ్వండి. డబ్బు అధికారం ఉన్నచోటికి వెళుతుందని ఆయన ఒప్పుకుంటే, అధికారం ఎక్కువున్నచోటికి ఎక్కువ వెళుతుందన్న మాట మీకు మిగిలే ఉంటుంది.

విదేశాంగ విధానం దగ్గర మీరు ఇంకా తొందరపడ్డారు. "ఒక్క కంపెనీ కోసమే" అన్నది నిలవదు. మనకు కావాల్సిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. 2022కు ముందు అందులో రష్యా వాటా రెండు శాతం లోపు, తర్వాత మూడో వంతు దాటింది. తగ్గింపు ధరకు కొన్నవాళ్లలో ప్రభుత్వ రంగ ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్ ఉన్నాయి. ప్రైవేటులో రిలయన్స్ ఉంది, రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు 49 శాతం వాటా ఉన్న నయారా ఉంది. అయితే "జనం కోసమే" అన్న ఎదుటి మాట కూడా పూర్తి కాదు. 2022 మే నెలలో ఎక్సైజ్ సుంకం తగ్గించాక, 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గేదాకా బంకుల్లో ధర దాదాపు కదలలేదు. రష్యా ఇచ్చిన తగ్గింపులో కొంత ప్రభుత్వ చమురు సంస్థల పాత నష్టాలు పూడ్చడానికి పోయింది. ప్రైవేటు రిఫైనరీలు శుద్ధి చేసి యూరప్‌కు ఎగుమతి చేసి లాభపడ్డాయి.

అసలు అడగాల్సింది ఇక్కడే ఉంది: తగ్గింపులో ఎవరి వాటా ఎంత? తర్వాత బిల్లు ఎవరు కట్టారు? 2025 ఆగస్టు 27న అమెరికా ఈ చమురును కారణంగా చూపి అదనంగా 25 శాతం సుంకం వేసి, మొత్తం 50 శాతం చేసినప్పుడు దెబ్బ తగిలింది రిఫైనరీలకు కాదు. రొయ్యల ఎగుమతిదారులకు, వాళ్ల వెనకున్న మన కోస్తా ఆక్వా రైతులకు, దుస్తుల పరిశ్రమలకు తగిలింది. రష్యా చమురు కొనడం సరైన నిర్ణయమని నమ్మే మనిషి కూడా, లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి వెళ్లినప్పుడు ప్రభుత్వం మధ్యలో ఏం చేయాలన్న చర్చకు కూర్చుంటారు.

విదేశీ ఒప్పందాల మీద కంపెనీల ఒత్తిడిని రుజువు చేయడం కష్టం కావడానికి వేరే కారణముంది. మన దగ్గర ఒప్పందాన్ని పార్లమెంటు ఆమోదించాలన్న నియమం లేదు, అది కార్యనిర్వాహక వర్గం పని. అమలుకు కొత్త చట్టం అవసరమైతేనే సభ ముందుకొస్తుంది. చర్చల ముసాయిదాలు బయటికి రావు. అమెరికాలో 1995 నుంచి లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాలు తమకు అనుకూలంగా రావడానికి చేసే ప్రయత్నం) వెల్లడి చట్టం ఉంది, ఎవరు ఏ విషయం మీద ఎంత ఖర్చు పెట్టారో నమోదు చేయాలి. 2012లో వాల్‌మార్ట్ మన చిల్లర వర్తకంలో ప్రవేశం కోసం లాబీయింగ్ చేసిందన్న సంగతి అక్కడి నమోదుల వల్లే తెలిసి మన పార్లమెంటు అట్టుడికింది. ఇక్కడ అలాంటి నమోదు చట్టం లేదు. మంత్రిని ఏ పరిశ్రమ ప్రతినిధి ఏ రోజు కలిశారన్న పుస్తకం ఎవరూ మన ముందు పెట్టరు. ఆ పుస్తకం లేదు కాబట్టి మీరు ఊహతో నింపారు. పుస్తకం కావాలని అడగడమే గట్టి వాదన అని నా అభిప్రాయం. రికార్డు లేకపోవడం తప్పు అన్న మాటను, జీవితమంతా రికార్డులు చూసిన మీ బాబాయి కంటే బాగా అర్థం చేసుకునేవాళ్లు ఎవరు?

ఇప్పుడు ఇంటి సంగతి. మీ ముందున్న దారులు నాలుగు, దేని ఫలితం దానిది.

పెళ్లి అయ్యేదాకా ఊరుకుని తర్వాత చూసుకుందాం అనుకోవచ్చు. ఆయన పెద్దమనిషి, పీటల మీద కూర్చుంటారు, నలుగురిలో ఏమీ అనరు. కానీ చెల్లెలి చేయి అప్పగించే వేళ మీరిద్దరూ మొహాలు తప్పించుకుంటూ ఉంటే అది ఆ అమ్మాయికి జీవితాంతం గుర్తుండిపోతుంది. ఆ తర్వాత కలవడానికి ఇంత బలమైన సందర్భం మళ్లీ రాదు. ఈ దారి నేను వద్దంటాను.

రాజకీయాలే మానేస్తాననడం రెండో దారి. గొడవ ఆగుతుంది, నిజమే. కానీ మీ ఇద్దరి మధ్య మాటలు నడిచిందే దాని మీద. అది తీసేస్తే "భోంచేశారా" దగ్గర ఆగిపోతారు. మీ మౌనం ఆయనకు శిక్షలా కూడా కనిపించవచ్చు. పెళ్లి పనులు జరుగుతున్నన్నాళ్లు పక్కన పెట్టడం మాత్రం మంచిదే, ఆ మాట పైకి చెప్పి పెట్టండి.

గ్రూపులో సవరణ రాయడం మూడోది. తప్పు ఇరవై మంది ముందు జరిగింది, అవమానమూ అక్కడే జరిగింది. చాటుగా చెప్పే క్షమాపణ ఆయన పరువును వెనక్కి తేదు. మీ వాదన నచ్చని బంధువులు ఎగతాళి చేస్తారు, దానికి జవాబివ్వకుండా ఉండగలరా అని ముందే చూసుకోండి. నాలుగు వాక్యాలు చాలు: "నేను పెట్టిన చార్టులో మూడో వరుసలో తేదీలు తారుమారయ్యాయి, ఇంకో వరుసలో కంపెనీ వేరు. బాబాయి అడిగినప్పుడే నాకు తెలిసింది, ఒప్పుకోలేదు. ఆయన్ని పెన్షన్ మాట అనడం నా తప్పు. నన్ను చదివించిన మనిషిని అనకూడని మాట అన్నాను." అక్కడ ఆపండి. "అయితే మొత్తం మీద నా పాయింటు మాత్రం" అని ఐదో వాక్యం మొదలుపెడితే మొదటి నాలుగూ చెరిగిపోతాయి.

నాలుగోది నేరుగా వెళ్లడం. నా సలహా అడిగితే, సవరణ రాసిన రెండు మూడు రోజులకు వెళ్లండి. ఈలోగా పిన్ని ఎలాగూ ఆయనకు చూపిస్తుంది. శుభలేఖ పట్టుకునో, పెళ్లి ఖర్చుల మాట కోసమో వెళ్లవద్దు, అవసరం కోసం వచ్చాడనిపిస్తుంది. పిన్నిని మధ్యవర్తిగా కూర్చోబెట్టకండి, మూడు నెలలుగా ఆమె మోసింది చాలు. "మీకు బాధ కలిగి ఉంటే" అనకండి. కలిగింది, మీకు తెలుసు. "బాబాయ్, ఆ మాట అన్నాను, తప్పు" అంటే సరిపోతుంది. ఆయన వెంటనే కరగకపోవచ్చు. "సరే, భోంచేసి వెళ్లు" అని ముక్తసరిగా అనవచ్చు, అసలు ఏమీ అనకపోవచ్చు. అలాంటప్పుడు జవాబు కోసం కూర్చోకుండా, పెళ్లి పనుల్లో ఆయన వాటా ఏమిటో అడిగి రాసుకుని రండి. మర్నాటి నుంచి ఆ పనులు చేస్తూ ఆయనకు కబురు చెబుతుండండి.

పెళ్లయ్యాక మళ్లీ ఆదివారాలు మొదలైతే, ఒక పద్ధతి పెట్టుకోమని అడగవచ్చు: వారానికి ఒకటే ప్రశ్న, చెరొక కాగితం, ఫోన్లో వచ్చిన చార్టులు లెక్కలోకి రావు. మొదటి ప్రశ్నగా కంపెనీ విరాళాల పరిమితి బాగుంటుంది. మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదని కంపెనీల చట్టం సెక్షన్ 182లో ఉండేది. 2017లో ఆ పరిమితి ఎత్తేశారు. 2024 తీర్పు ఆ ఎత్తివేతను కొట్టేసింది. ఇప్పుడు పెద్ద విరాళాలు ఎలక్టోరల్ ట్రస్టుల (విరాళాలు తీసుకుని పార్టీలకు పంచే సంస్థల) దారిన వెళుతున్నాయి. అవి ఏడాదిలో వచ్చినదాంట్లో 95 శాతం పార్టీలకు పంచాలి, ఎవరిచ్చారో ఎవరికిచ్చారో ఎన్నికల సంఘానికి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు అందరికీ దొరుకుతాయి. వాటిని వరుస వరుసగా సరిచూడటం ఆయనకు వచ్చినంత మీకు రాదు, ఆ సహాయం అడగండి.

వెళ్లేరోజు ఆ పాత చార్టును ఫోన్లోంచి తీసేయకండి. ఆయన అడిగితే ఏ వరుస తప్పో మీరే వేలు పెట్టి చూపించాలి.